పాలపన్ను పీకిస్తే బ్యాక్టీరియా రక్తంలోకి పోయి పిల్లల ఇమ్యూనిటీ దెబ్బతింటుందా?

కావలి అమ్మ:
మా బాబుకు నాలుగేళ్లు. కింది దవడ పన్ను పుచ్చిపోయి చిగురు మీద చీముపొక్కు లేచింది. డాక్టరు తీసేయాలన్నారు. మా అత్తమ్మేమో పాలపళ్లే కదా, ఎటూ ఊడిపోయేవే, పసివాణ్ణి ఎందుకు ఏడిపించడం అంటుంది. ఇంతలో వాట్సాప్‌లో ఒక మెసేజ్, పన్ను పీకితే నోట్లో బ్యాక్టీరియా రక్తంలో కలిసి ఇమ్యూనిటీ పోతుందని. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

ఒంగోలు నాన్న:
రక్తంలో కలవడం నిజమేనమ్మా. అందుకే మా పాపకు ముందే మందుల షాపులో అడిగి మూడు రోజులు యాంటీబయాటిక్ వేసి, ఆ తర్వాత పీకించాం. చిన్నపిల్లలకు ఇమ్యూనిటీ ఏముంటుంది, ఎవరైనా అలాగే చేయాలి.

నెల్లూరు నర్సు:
అన్నా, అక్కడే నేను ఒప్పుకోను. రక్తంలోకి పోవడం పన్ను పీకినప్పుడు మాత్రమే కాదు, పళ్లు తోముకున్నా, గట్టిగా నమిలినా కొంచెం పోతూనే ఉంటుంది. కాలేయం, ప్లీహంలో ఉండే కణాలు, రక్తంలోని తెల్లకణాలు వాటిని పట్టి చంపేస్తాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలావరకు నిమిషాల్లోనే ఆ పని అయిపోతుంది. దాంతో ఇమ్యూనిటీ తరిగిపోదు, అది రోజూ చేసే పనే. రెండేళ్లలోపు పిల్లల్లో మాత్రం ఒక లోటు నిజంగా ఉంది, పైన చక్కెర పొర ఉండే, న్యుమోనియా తెచ్చే న్యూమోకోకస్ లాంటి బ్యాక్టీరియాకు యాంటీబాడీలు సరిగా తయారు కావు, టీకాలో ఆ చక్కెరకు ప్రొటీన్ జోడించి ఇచ్చేది అందుకే. మీ బాబు ఆ వయసు దాటాడు చెల్లీ. భయపడాల్సింది పీకడానికి కాదు, చీము పట్టిన పన్నును అలాగే వదిలేయడానికి. చీము నిలవున్నచోట బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది, ముఖం వాచి జ్వరం వచ్చేదాకా తెస్తుంది, కింద తయారవుతున్న అసలు పన్ను కూడా పాడవచ్చు. యాంటీబయాటిక్ మింగితే పొక్కు అణిగినట్టు కనిపిస్తుందేగానీ పన్ను లోపలి చెడు పోదు. షాపులో అడిగి కొనడం నాకు అసలు నచ్చదు, మా వార్డులో మామూలు మందులకు లొంగని ఇన్ఫెక్షన్లు చూసి చూసి చెప్తున్నా.

సింగరాయకొండ అక్క:
అందరికీ వద్దనకమ్మా. మా పాపకు పుట్టుకతో గుండె జబ్బు, ఒళ్లు నీలంగా ఉండేది. పన్ను తీసే ముందు గుండె డాక్టరే ఒక డోసు యాంటీబయాటిక్ రాసిచ్చారు.

నెల్లూరు నర్సు:
అవునక్కా, అది నేను ముందే చెప్పాల్సింది. పళ్ల చికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఎవరికివ్వాలనే నియమాలను 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్చి, చాలామందికి అక్కర్లేదన్నప్పుడు కూడా ఇలాంటి పిల్లలకు, గుండెలో కృత్రిమ కవాటాలు ఉన్నవాళ్లకు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు ఆ డోసు ఉంచారు. అదీ పన్ను తీయడానికి ముందు గంట లోపు ఒక్క డోసే, మూడు రోజుల కోర్సు కాదు.

ఒంగోలు నాన్న:
తోముకున్నా రక్తంలోకి పోతుందంటే, తోమడం తగ్గించాలా మరి?

నెల్లూరు నర్సు:
వద్దన్నా! చిగురు వాచి రక్తం కారేచోటే ఎక్కువ పోతుంది. రోజూ రెండు పూటలా తోమితే ఆ వాపే ఉండదు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మానాలి, ముందు పళ్లు పుచ్చేది ఎక్కువగా దానివల్లే.

కావలి అమ్మ:
మా వాడికి గుండె సమస్య ఏమీ లేదు. అయితే దవడ పన్ను పదేళ్లు దాటేదాకా ఉండాలంట కదా, తీసేస్తే ఆ ఖాళీ మూసుకుపోదా?

నెల్లూరు నర్సు:
పక్క పళ్లు జరుగుతాయి చెల్లీ, అందుకే ఖాళీ ఆపడానికి చిన్న తీగ క్లిప్పు పెడతారు. పీకకుండా పాలపంటికే రూట్ కెనాల్ కుదురుతుందా అని కూడా రేపు అడుగు. వాపు బుగ్గకు పాకినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు.