సమస్యాపూరణం: "మంచు కరగకున్న మధువు చెడును"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇది. ఇంట్లో డైకిరీ (రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపే కాక్‌టెయిల్) కలుపుతుంటే తట్టిన పాదం. మంచు కరిగితే మందు పలచబడి పాడవుతుందని అందరూ అంటారు, ఈ పాదం దాన్ని తిరగేసింది. పాత రమ్ముతో ఇంట్లో కలుపుకునే కాక్‌టెయిల్ మీద పూరిస్తే సంతోషం. వేరే దారి పట్టినా సరే.

గోదారిగట్టు: నా పూరణ.

పాత రమ్ము, నిమ్మ, పంచదారలఁ గల్పి
గట్టి మూత పెట్టి గలగలాడఁ
గుదుపవలయుఁ జేయిఁ గొరికెడు చలిదాక
మంచు కరగకున్న మధువు చెడును

60 మి.లీ. రమ్ము, 25 నిమ్మరసం, 20 పంచదార పాకం. ఓల్డ్ మంక్ అయితే దానికే తీపి ఉంది కాబట్టి పాకం 15 చాలు.

శ్రీపర్ణి: "చేయిఁ గొరికెడు చలిదాక" అన్నదానికే చప్పట్లు కొట్టాను. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో కుదిపినవాళ్లకి ఇది తెలుసు. మొదట మంచుముక్కలు గణగణమంటాయి. పది పన్నెండు సెకన్లయ్యేసరికి వాటి అంచులు అరిగి మోత మెత్తబడుతుంది, డబ్బా మీద తెల్లటి నూగు పడుతుంది, వేళ్లు అంటుకుపోతాయి. అక్కడ ఆపాలి. వడకట్టిన గ్లాసులో దాదాపు నాలుగో వంతు ఆ కరిగిన నీళ్లే. అవి లేకపోతే రమ్ము గొంతు మండిస్తుంది, నిమ్మ పళ్లు జివ్వుమనిపిస్తుంది. గోదారిగట్టు గారి పద్యాల్లో ఇన్నాళ్లూ అలంకారాలే చూశాను, ఇందులో పని కనిపించింది.

నల్లమలవాసి: నేను మందు జోలికి పోలేదు. మధువంటే వసంతం.

హిమగిరులను చైత్ర మేతెంచు వేళలో
నదులు పొంగి పైరు నవ్వవలయు
కొండ కోనలందుఁ గోయిల కూయదు
మంచు కరగకున్న మధువు చెడును

గోదారిగట్టు: విరుపు చాలా బాగుంది. కానీ మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొత్తు కుదరాల్సిన అక్షరం) ఏదండీ? హి, మే?

శ్రీపర్ణి: చైత్రము + ఏతెంచు, కాబట్టి అక్కడున్నది ఏ. హి, ఏ చెల్లుతుంది. నిరుడు "నీరు లేని చేప నిదురవోయె" పూరణలో మీరూ ఇదే యతి వేశారు. అప్పుడు మిమ్మల్ని వెనకేసుకొచ్చింది నల్లమలవాసి గారే.

గోదారిగట్టు: చెల్లుతుంది, ఒప్పుకున్నాను. కానీ ఆ పూరణలో యతిని ఎవరూ తప్పుపట్టలేదు. చాప మీద ఎండుచేపను ఆరబెట్టానని మీరే నెలరోజులు సాధించారు. ఎండుచేప కన్నా నీరు లేని చేప ఇంకేముంటుంది?

కలువకొలను: చేపని వదిలేసి ఇది చూడండి. నాది ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ మీద. విస్కీ బదులు పాత రమ్ము.

చేదు చుక్క రెండు, చెంచాడు పాకమ్ము,
రమ్ము పోసి తిప్పుము రయము లేక
గాజు బయట చెమట కమ్మెడు వరకైన
మంచు కరగకున్న మధువు చెడును

చేదు చుక్కలంటే అంగోస్తురా. 1824లో వెనిజ్వెలాలోని అంగోస్తురా ఊళ్లో సీగర్ట్ అనే డాక్టరు కడుపు బాధలకి చేసిన మందు అది. చివర్లో నారింజ తొక్కని గ్లాసు మీద పిండాలి, పద్యంలో దానికి చోటు దొరకలేదు.

నల్లమలవాసి: రెండో పాదంలో "ము" ఎక్కువైందమ్మా. "తిప్పు రయము లేక" అంటే సరిపోతుంది. "గాజు బయట చెమట" మాత్రం ఈ థ్రెడ్‌లోకెల్లా నాకు నచ్చిన మాట. ఎంతసేపు తిప్పాలో గడియారం చూడక్కర్లేకుండా చెప్పేశారు.

గోదారిగట్టు: చెమట మంచి గుర్తే, కానీ వానాకాలంలో గాజుకి ఊరికే చెమట పడుతుంది. మా కాకినాడలో రమ్ము పోయకముందే పడుతుంది. అర నిమిషం తిప్పి రుచి చూడటమే మేలు. పెద్ద గడ్డ వేస్తే మెల్లగా కరుగుతుంది కాబట్టి ఇంకాసేపు తిప్పాలి.

కలువకొలను: "ము" తీసేశాను, ధన్యవాదాలు బాబాయి గారూ. గోదారిగట్టు గారూ, మీ పద్యంలో కుదపమన్నారు, నా దాంట్లో తిప్పమన్నాను. రెండూ ఒప్పే. నిమ్మరసం పడితే కుదపాలి, అది బాగా కలవాలి, కాస్త నురగా రావాలి. రసం లేనిదాన్ని కుదిపితే గాలి చేరి మసకబారుతుంది.

గూడూరు చిన్నోడు: పూరణ రాలేదు కానీ ఒక మాట. డైకిరీ అన్నది క్యూబాలో శాంటియాగో దగ్గరి ఊరి పేరు. అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికా ఇంజనీరు 1898 ప్రాంతంలో దీన్ని కలిపాడంటారు. అక్కడి చిన్న నిమ్మ, మా మార్కెట్లో బస్తాలకెత్తే నిమ్మ ఒకే జాతి. దీనికోసం సూపర్ మార్కెట్లో పెద్ద నిమ్మకాయల వెంట పడకండి. అప్పటికప్పుడు పిండండి, పొద్దున పిండిన రసం రాత్రికి చేదెక్కుతుంది.

శ్రీపర్ణి: ఇంత తెలిసి పద్యం రాయకపోతే ఎలా? "గనుల" అని ఎత్తుకోండి, యతి మేం చూసుకుంటాం. గోదారిగట్టు గారూ, ఎండుచేప నిద్రపోదండీ, చచ్చిపోయింది. అప్పుడూ ఇదే అన్నాను.

నిర్వాహకుడు: చేప సంగతి పాత థ్రెడ్‌లో రాయండి, అది ఇంకా తెరిచే ఉంది. ఇక్కడ శనివారం రాత్రి దాకా పూరణలు పంపవచ్చు. కలువకొలను గారి సవరించిన పద్యాన్ని పైన పెడుతున్నాను.