అప్‌డేట్: తమ్ముడికి నా మజ్జ సరిపోయింది

తమ్ముడికి ఎముక మజ్జ మార్పిడి చేయాలన్నారు, మా బ్లడ్ గ్రూపులు వేరు, నేను ఇవ్వొచ్చా అని అడిగాను కదా. ఇవ్వొచ్చు. హెచ్‌ఎల్‌ఏ (కణాల పైన ఉండే గుర్తింపు అణువులు) పరీక్షలో పదికి పది కలిసింది! ధైర్యం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

డాక్టరుగారు ఓపిగ్గా వివరించారు. హెచ్‌ఎల్‌ఏ ఏ, బీ, సీ అణువులు కణం లోపలి ప్రొటీన్ల ముక్కల్ని పైకి తెచ్చి టీ కణాలకు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలకు) చూపిస్తాయి. అందులో వైరస్ ముక్క కనిపిస్తే టీ కణం ఆ కణాన్ని చంపేస్తుంది. డీఆర్, డీక్యూ అనే హెచ్‌ఎల్‌ఏ అణువులైతే బయటి నుంచి లోపలికి తీసుకున్నవాటి ముక్కల్ని చూపిస్తాయి. ఈ అణువుల్లో తేడా ఉంటే, నా మజ్జతో వెళ్లిన టీ కణాలు తమ్ముడి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేసే ప్రమాదం పెరుగుతుంది. పూర్తిగా కలిసినా ఆ ప్రమాదం కొంత ఉంటుంది, అందుకే మందులు తప్పవు.

ఈ అణువుల్ని తయారుచేసే జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉండి, అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టుగా వస్తాయి. తోబుట్టువుల్లో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. మాకు ఆ అదృష్టం దక్కింది.

మార్పిడి విజయవంతమైతే వాడి బ్లడ్ గ్రూప్ మెల్లగా నాదిగా మారుతుందట! ముందు వాడికి కీమో ఇస్తారు. మజ్జ ఇచ్చినవాళ్లెవరైనా ఉంటే, తర్వాత నడుం నొప్పి ఎలా ఉంటుందో చెప్పండి.