అప్‌డేట్: స్టాండ్ స్టీమర్ నుంచి నీటి చుక్కలు పడే సమస్య తీరింది

స్టాండ్ స్టీమర్ (గొట్టం ద్వారా వచ్చే ఆవిరితో బట్టల ముడతలు తీసే యంత్రం) వాడుతుండగా ఆవిరితోపాటు నీటి చుక్కలు కూడా పడి, బట్టల మీద తెల్లటి మచ్చలు మిగులుతున్నాయని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. యంత్రంలో లోపమేమీ లేదు. తప్పంతా నేను గొట్టాన్ని పట్టుకునే తీరులోనే ఉంది.

సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద పుట్టిన ఆవిరి పొడవైన గొట్టంలో పైకి వెళ్తూ కొంతమేర చల్లబడి నీరుగా మారుతుంది. గొట్టం మధ్యలో వంగి వేలాడితే ఆ నీరు వెనక్కి జారే దారి లేక వంపులోనే నిలిచిపోయి, వెనుక నుంచి తోసుకొచ్చే ఆవిరితో కలిసి చుక్కలుగా బయటికి చిమ్ముతుంది. లోపల గుడగుడమనే శబ్దం దానికి గుర్తు (నేను దాన్ని ఇన్నాళ్లూ నీళ్లు మరిగే చప్పుడే అనుకున్నాను). ఇప్పుడు ఆ శబ్దం వినిపించగానే గొట్టాన్ని నిటారుగా పైకెత్తుతున్నాను. ఆవిరి నిలకడగా వచ్చేదాకా ఆగి, తొలి చుక్కలను పాత తువ్వాలు మీద పడనిస్తున్నాను.

మచ్చలకు కారణం కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. డిస్టిల్డ్ వాటర్ పోయడం మొదలుపెట్టాక అవి మళ్లీ కనిపించలేదు. నూలు చొక్కాల కాలర్లకు మాత్రం, నా అనుభవంలో, ఇస్త్రీపెట్టె ఒత్తిడి తప్పడం లేదు.