బానిసలున్న మనిషి యూనియన్ పక్షాన ఎందుకు నిలిచారు?

ప్రశ్న:
అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాక్స్‌విల్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. పోయిన వారం గ్రీన్‌విల్ వెళ్లి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ దర్జీ కొట్టు చూశాం. చిన్న చెక్క గది, దాని చుట్టూ ఇటుక భవనం కట్టి కాపాడుతున్నారు. మా నాన్నగారూ దర్జీయే. ఆ గుమ్మం దగ్గర నుంచి కాలు కదలలేదు. ఒక సందేహం మాత్రం వదలడం లేదు. 1861లో, అంతర్యుద్ధం వేళ, అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సెనేటర్లలో తన స్థానం వదలనివారు ఆయనొక్కరే. ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు కదా, మరి యూనియన్‌ను, అంటే ఒక్కటిగా ఉండాలన్న అమెరికాను, ఎందుకు అంటిపెట్టుకున్నారు?

జవాబు 1:
ఆయన మనసులో ఆ రెండింటికీ పేచీ లేదండీ. బానిసత్వానికి రక్ష రాజ్యాంగమే, విడిపోతే అదీ దక్కదని 1860 డిసెంబరులో సెనేట్‌లో వాదించారు. పైగా పెద్ద తోటల ఆసాములంటే ఆయనకు ఒళ్లుమంట. మూడేళ్లకే తండ్రి పోయాడు, బడి ముఖం చూడలేదు, దర్జీ దగ్గర పనికి కుదిరి పారిపోయాడు. అలాంటివాడికి ఆ ఆసాముల మాట ఎలా రుచిస్తుంది? తూర్పు టెనెసీ చిన్న రైతుల కొండ ప్రాంతం. 1861 జూన్ ఓటింగులో రాష్ట్రం విడిపోవడానికే మొగ్గినా, అక్కడివాళ్లు రెండింతల ఓట్లతో వద్దన్నారు.

జవాబు 2:
పడిన కష్టం కూడా చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో ఊరికి వస్తుంటే వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో విడిపోవాలనేవారి గుంపు రైల్లోకి చొరబడింది. పిస్తోలు తీసి నిలబడ్డారు. జూన్‌లో కంబర్లండ్ కనుమ దాటి కెంటకీ వెళ్లిపోయారు. భార్య ఎలైజా క్షయ రోగి. 1862లో విడిపోయిన పక్షంవాళ్లు ఆమె చేతా ఇల్లు ఖాళీ చేయించారు. ఆ ఇంటి గోడల మీద సైనికుల రాతలు చూశారా?

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. చెరిపేయకుండా అలాగే ఉంచారు. ఆ రోగిష్టి తల్లి ఇల్లు వదిలి వెళ్లిన తీరు తలచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

జవాబు 3:
నిజమే, కానీ ఆయన్ని దేవుణ్ణి చేయకండి. బానిసలకు విడుదల అంటూ అధ్యక్షుడు లింకన్ చేసిన 1863 జనవరి నాటి విమోచన ప్రకటన టెనెసీకి వర్తించకుండా చూసింది ఆయనే. తన ఇంటి బానిసలను ఆ ఆగస్టు 8న విడిచిపెట్టారు. అధ్యక్షుడయ్యాక, 1866లో, నల్లజాతివారి పౌరహక్కుల బిల్లును తిప్పి పంపారు. కాంగ్రెసే దాన్ని మళ్లీ నెగ్గించింది. ఇది నేను క్షమించలేను. మీ కాలు కదలనివ్వని ఆ కొట్టు ఉంది చూడండి, ఆయన ఇంట్లో బానిసగా బతికిన డాలీ అనే ఆవిడ స్వేచ్ఛ వచ్చాక అందులోనే రొట్టెల వ్యాపారం నడిపింది. ఈసారి వెళ్తే ఆమెనూ తలచుకోండి.