అప్‌డేట్: స్పోర్ట్స్ కారు అద్దం మళ్ళీ పైకి లేచింది

నెల క్రితం నేను అడిగింది ఇది: నా రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారులో డ్రైవరు వైపు అద్దం సగంలో ఆగిపోయింది, స్విచ్చి నొక్కితే మోటారు చప్పుడు మాత్రం వస్తోంది, ఎందుకని? మోటారు కాదు, రెగ్యులేటర్ (మోటారు తిరిగితే కేబుల్‌తో అద్దాన్ని ఎత్తి దించే భాగం) చూడమన్నవారి మాటే నిజమైంది.

మొన్న ఆదివారం నెల్లూరు ఎండ ముదరకముందే, ఉదయం 6 గంటలకు మొదలుపెట్టాను. బ్యాటరీ వైరు తీసి, తలుపు ప్యానెల్ ఊడదీశాను. 3 క్లిప్పులు విరిగాయి, తప్పు నా తొందరదే. లోపల ఉక్కు కేబుల్ పోగులు విడిపోయి, డ్రమ్ము చుట్టూ పిచ్చుక గూడులా చిక్కుపడి ఉంది. అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ బిగింపు రెండు ముక్కలై తలుపు అడుగున దొరికింది, మైపాడు బీచి ఇసుకతో సహా.

అసలు కష్టం అద్దంతోనే. ఈ తలుపుకు పైన ఫ్రేము ఉండదు, టేపు అంటించి నిలబెట్టడానికి ఆధారం లేదు. మా బావమరిది అరగంట సేపు రెండు చేతులతో పట్టుకుని, "ఇంకెంతసేపు బావా?" అంటూనే ఉన్నాడు. పాత మోటారునే కొత్త రెగ్యులేటర్‌కు బిగించాను.

అద్దం ఎత్తు చూసుకోకుండా ప్యానెల్ మూసేశాను. తలుపు వేస్తే అద్దం అంచు పై రబ్బరుకు తగిలింది. మళ్ళీ అంతా విప్పడమే! సరిచేశాక అద్దాన్ని పూర్తిగా దించి, ఎత్తి, స్విచ్చిని కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే, అద్దం ఎక్కడిదాకా దిగాలో, లేవాలో ఆ హద్దులు కారు గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు తలుపు తీయగానే అద్దం కాస్త దిగుతోంది, వేయగానే రబ్బరులోకి చేరుతోంది.

ఆ 3 క్లిప్పులు ఇంకా దొరకలేదు. గతుకులు వస్తే ప్యానెల్ గలగలమంటోంది.