మలేనియాను మిమిక్ సాయంతో ఓడిస్తే గెలిచినట్టా, కాదా?

గడియారం సెంటర్, నల్లగొండ

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక ఎల్డెన్ రింగ్ వీడియోగేమ్‌లో మలేనియా అనే శత్రువును ఓడించాను. పదకొండు రోజులుగా కాలేజీ నుంచి వచ్చాక ఇదే పని. పొద్దున్నే గదిలో ఉండే మిత్రుడికి చెబితే, "మిమిక్ టియర్‌ను పిలిచావా?" అని అడిగాడు. పిలిచానన్నాను. "అయితే ఆమెను ఓడించింది నువ్వు కాదు, నీ బొమ్మ" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆట ఆడనివారి కోసం కొంచెం చెబుతాను. మలేనియాతో తలపడకుండానే ఆట పూర్తిచేయవచ్చు. రహస్య పతకం రెండు ముక్కలూ సంపాదించి, మంచు మైదానం దాటి, హాలిగ్‌ట్రీ అనే మహావృక్షం వేళ్లదాకా దిగినవారికే ఆమె ఎదురవుతుంది. ఆమె కత్తి తగిలిన ప్రతిసారీ మన ప్రాణం తగ్గడమే కాదు, ఆమె ప్రాణం కొంత తిరిగి నిండుతుంది. డాలు అడ్డుపెట్టినా నిండుతుంది. మిమిక్ టియర్ అంటే మన రూపంతో, మన ఆయుధాలతో పక్కన నిలబడి పోరాడే ఆత్మ. దాన్ని పిలవాలంటే 660 పాయింట్ల ప్రాణం మనమే చెల్లించాలి. అది ఆట ఇచ్చిన సాయమే, నేను దొంగదారిలో తెచ్చుకున్నది కాదు.

అలా గెలిస్తే గెలిచినట్టా, కాదా? ఏ వైపు ఉన్నా కారణం చెప్పండి.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ముందుగా అభినందనలు. హాలిగ్‌ట్రీ దాకా చేరడమే చాలామందికి కుదరదు. ఇక నా మాట కాస్త కటువుగా ఉంటుంది, మనసులో పెట్టుకోవద్దు.

నువ్వు గెలవలేదని అనను. మలేనియాతో నీ పోరాటం ఇంకా జరగలేదంటాను. రెండింటికీ తేడా ఉంది.

ఆమె దెబ్బల్లో అందరినీ పడగొట్టేది వాటర్‌ఫౌల్ డ్యాన్స్. ఆమె ప్రాణం కొంత తగ్గాక అది మొదలవుతుంది. గాలిలోకి లేచి ఒక్క క్షణం ఆగుతుంది. మనకున్న గడువు ఆ క్షణమే. దూరంగా ఉంటే వెంటనే వెనుదిరిగి పరుగెత్తాలి, మొదటి కోతల వాన అలా తప్పుతుంది. రెండోసారి మీదికి దూకినప్పుడు మాత్రం పారిపోకూడదు. ఆమెవైపే రోల్ చేసి, అంటే దొర్లి, ఆమె కిందనుంచి అవతలికి పోవాలి. మూడోసారీ అంతే. ఆ తర్వాత చివరి వేటు ఒక్కటే మిగులుతుంది. పారిపోవాలని ఒళ్లంతా చెబుతున్నప్పుడు కత్తికి ఎదురువెళ్లాలి. నిజంగా కత్తిమీద సామే. మోసే బరువు 70 శాతం దాటిందంటే రోల్ మొద్దుబారుతుంది, అప్పుడు ఇదంతా తెలిసినా లాభం లేదు.

నేను నోటుబుక్కులో లెక్క రాసుకున్నాను. 163 సార్లు చచ్చాను. అందులో మొదటి వంద ఆ ఒక్క విద్యకే పోయాయి. చిన్నప్పుడు మా ఊళ్లో కోలాటం నేర్పిన పెద్దాయన నెల రోజులు కర్రలు చేతికి ఇవ్వలేదు, ఉత్త అడుగులే వేయించారు. కర్రలు ఇచ్చిన రోజు మాకు అడుగు గురించి ఆలోచించే పని లేకపోయింది. నూటయాభై దాటాక మలేనియాతో నాకు అదే జరిగింది. ఆమె లేచింది, నా బొటనవేలు కదిలింది, మధ్యలో ఆలోచన లేదు.

మిమిక్‌ను పిలిస్తే ఆమె సగం సమయం దానివైపు తిరిగి ఉంటుంది. నువ్వు వీపు మీద కొడతావు. అప్పుడు ఆ అడుగులు నీకు ఎప్పటికి రావాలి?

నైట్‌డ్యూటీ, సూర్యాపేట

నేను నర్సుగా పనిచేస్తాను. వారంలో ఐదు రాత్రులు డ్యూటీ, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆటకు దొరికేది ఆదివారం రెండు గంటలు. 163 సార్లు చావడానికి నాకు నెలలు పడుతుంది. మలేనియా దగ్గర ఇప్పటికి 41 సార్లు పడ్డాను, ఆమె రెండో రూపాన్ని ఇంకా చూడలేదు.

మర్రిగారూ, మీరు చెప్పింది విద్య. దాన్ని గౌరవిస్తాను. విద్య నేర్చుకోవడానికి తీరిక ఉన్నవారిదే గెలుపంటే మాత్రం ఒప్పుకోను. ఆ రెండు గంటలు నేనూ మనసంతా పెట్టే ఆడతాను.

చిటికి, పోచంపల్లి

మీరంతా ఒక మాట తేలిగ్గా తీసుకుంటున్నారు, మిమిక్ వస్తే పని సులువవుతుందని. మిగతా శత్రువుల దగ్గర అది నిజం. ఈమె దగ్గర సగమే నిజం.

లెక్క చూడండి. మొదటి దశలో ఆమె ప్రాణం 18,473. ఒకసారి పడ్డాక రెండో దశలో 80 శాతంతో మళ్లీ లేస్తుంది, అంటే 14,778. మొత్తం 33,251. మనం కొట్టాల్సింది అంతే అయితే ఇంత చర్చ ఉండేది కాదు. ఆమె మన ఆత్మను కొట్టినా ప్రాణం నిండుతుంది. తప్పుకోవడం తెలియని పెద్ద ఆకారాన్ని పిలిచారంటే ఆమె ముందు మేత పోసినట్టే. మనం పది దెబ్బలు కొట్టి తగ్గించింది ఆమె ఒక్క వాటర్‌ఫౌల్‌తో తిరిగి తెచ్చుకుంటుంది. పెద్ద డాలు వెనుక దాక్కునేవారి గతీ అంతే. దెబ్బ మనకు తగలదు, ఆమె కడుపు నిండుతుంది. మిగతా ఆటంతా డాలును నమ్ముకుని వచ్చినవారికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

కాబట్టి మిమిక్‌తో గెలిచినవారు ఊరికే గెలవలేదు. ముందే లెక్క వేసుకుని ఉండాలి. మాది నేత ఇల్లు. చిటికి చీరలో పువ్వు మగ్గం మీద పుట్టదు. నూలును లెక్కపెట్టి, ముడులు కట్టి, రంగులో ముంచినప్పుడే దాని చోటు ఖాయమవుతుంది. నేసేటప్పుడు కనిపించేది ముందు చేసిన లెక్కే. మిమిక్ కూడా మనం పిలిచే క్షణంలో చేతిలో ఏముందో, ఒంటిమీద ఏముందో దాన్నే తీసుకుంటుంది. రక్తం కారించే కత్తి ఇచ్చి పిలిస్తే ఒక రకంగా, బరువైన గద ఇచ్చి పిలిస్తే ఇంకో రకంగా పోరాడుతుంది. పిలిచాక మనం వేరే ఆయుధం పట్టుకోవచ్చు, దాని చేతిలో మొదటిదే ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. ఆమెకు రక్తస్రావం, మంచు రెండూ పనిచేస్తాయి. వాటర్‌ఫౌల్ కోసం లేచినప్పుడు సరిగ్గా ఒక ఫ్రీజింగ్ పాట్, అంటే మంచు పట్టించే కుండ, విసిరితే ఆ దెబ్బ మధ్యలోనే ఆగిపోతుంది. నేను చేసి చూశాను. పైగా ఆమె తేలిక మనిషి. బరువైన ఆయుధంతో ఎగిరి కొడితే తూలుతుంది. భయపడి దూరంగా తిరిగేవారికి ఈ బలహీనత ఎప్పటికీ కనిపించదు.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

చిటికిగారి లెక్కతో పేచీ లేదు. అసలు నేను అడగాలనుకున్నదాన్నే మీరు బయటపెట్టారు. మిమిక్ దెబ్బలు తిని ఆమె ప్రాణం నింపుతున్నా తమ్ముడు గెలిచాడంటే, ఆ లోటును పూడ్చింది ఏమిటి? అతని చూపా, ఆత్మ దెబ్బల జోరా? తమ్ముడూ, నీ మిమిక్ చేతిలో ఏముంది?

గడియారం సెంటర్, నల్లగొండ

రివర్స్ ఆఫ్ బ్లడ్ అనే రక్తం కారించే కత్తి. ఇద్దరి చేతిలోనూ అదే. ఆమె మిమిక్ మీదికి వెళ్లినప్పుడు నేను కొట్టేవాణ్ని, నావైపు తిరిగినప్పుడు దూరం జరిగేవాణ్ని. వాటర్‌ఫౌల్‌ను తప్పించుకున్నది మొత్తం రెండుసార్లే. మిగతాసార్లు అది మిమిక్ మీద పడింది. దాచడానికి ఏమీ లేదు.

మర్రిగూడ వైపు

ఈ చర్చలు ఎప్పుడూ చదివి ఊరుకునేవాణ్ని. ఈసారి రాయాలనిపించింది.

మాది ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం. కృష్ణా నీళ్లు మా ఇంటి నల్లాకు వచ్చేసరికి నా ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది. ఇప్పుడు ముప్పైనాలుగేళ్లు. కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేను, మణికట్టు తిరగదు, వేళ్లు పొద్దుటిపూట అసలు మాట వినవు. కంట్రోలర్‌ను ఒళ్లో దిండు మీద పెట్టుకుని ఆడతాను. రోల్ బటన్‌ను ఎడమచేతి వైపు మార్చుకున్నాను.

మర్రిచెట్టు అన్నగారూ, ఆమె లేచిందని నా కళ్లకు మీతోపాటే తెలుస్తుంది. ఎటు పోవాలో కూడా తెలుసు. మీరు రాసిన అడుగులన్నీ నాకు కంఠతా వచ్చు, వీడియోలు పదేపదే చూసి నేర్చుకున్నాను. వేలు మాత్రం అర క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఆ అర క్షణంలోనే చచ్చిపోతాను.

నేను ఆమెను ఎలా గెలిచానో చెబుతాను, నాలాంటివారు ఉంటే పనికొస్తుంది. రైకార్డ్ అనే ఇంకో శత్రువును ఓడించాక దొరికే బ్లాస్ఫెమస్ బ్లేడ్ అనే కత్తి తీసుకున్నాను. దాని విద్యకు ఒకే బటన్ చాలు. నిప్పు నేలమీద ముందుకు పాకుతుంది, తగిలితే ఆమె కింద పడుతుంది, నా ప్రాణం కొంత నిండుతుంది. ఆమె మన ప్రాణం తాగి బతుకుతుంది కదా, ఇది ఆమె ప్రాణం తాగి నన్ను బతికించే కత్తి. మిమిక్‌కూ అదే ఇచ్చాను. నా నిప్పుకు పడి ఆమె లేచేసరికి దాని నిప్పు తగిలేది. ఆ విద్యకు శక్తినిచ్చే నీలం సీసాలు ఎక్కువ పెట్టుకున్నాను, ప్రాణం నింపే ఎర్రవి తగ్గించుకున్నాను. రెండో దశ మొదట్లో ఆకాశం నుంచి దూకి పువ్వులా విచ్చుకుంటుంది కదా, అప్పుడు దూరంగా ఉండి, ఆమె ఆ పువ్వులో కూర్చున్న కొద్దిసేపూ కొట్టాలి. ఆ ఎర్ర పొగలోకి అడుగుపెడితే స్కార్లెట్ రాట్ అనే, ప్రాణాన్ని మెల్లగా తినే కుళ్లు పడుతుంది, అందుకని నిప్పుతో దూరం నుంచే కొట్టాను.

నాలుగు నెలలు పట్టింది. ఆ రాత్రి మా అమ్మను లేపి చూపించాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, నా ముఖం చూసి నవ్వింది. అది గెలుపు కాదని ఎవరైనా అంటే నేను వినను.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీది గెలుపే. అందులో సందేహం పెట్టుకునే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

అయినా నా అభిప్రాయం మొత్తం వదులుకోలేను. ఈ ఆట చేసిన సంస్థే 2019లో తెచ్చిన సెకిరో అనే ఆటలో పిలవడానికి ఏ ఆత్మా లేదు, తోడు వచ్చే మనిషీ లేడు. అక్కడ ఇష్షిన్ అనే ఆఖరి శత్రువు ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు నాకు దొరికింది ఎల్డెన్ రింగ్‌లో మిమిక్‌ను పిలిచిన రోజున దొరకలేదు. నేనూ ఒకప్పుడు మిగతా శత్రువుల మీద దాన్ని వాడాను. గెలిచాక ఏదో వెలితి. చేతులు ఆడుతూ, తీరిక ఉండి కూడా ఆ అడుగులు నేర్చుకోకుండా దాటిపోయేవారితోనే నా వాదన. తమ్ముడికి పందొమ్మిదేళ్లు, సెలవులు కూడా వస్తున్నాయి.

రైస్‌మిల్ రోడ్డు, మిర్యాలగూడ

సెకిరోతో పోలిక కుదరదండీ. అది కత్తిని కత్తితో ఆపడం మీద కట్టిన ఆట, సాయం పెడితే దాని పునాదే కదులుతుంది. ఎల్డెన్ రింగ్‌ను కట్టడమే వేరు. ఆత్మలను బలపరచడానికి అందులో సమాధుల దగ్గర పూసే పువ్వులున్నాయి, మిమిక్‌ను పది మెట్లు పెంచుకోవచ్చు. అంత ఏర్పాటు చేసింది అలంకారానికా?

2022 ఫిబ్రవరిలో ఆట వచ్చింది. మార్చిలో 1.03 అప్‌డేట్‌తో మిమిక్ దెబ్బ బలాన్ని తగ్గించారు. అంటే అది శ్రుతి మించిందని వారికే తెలిసింది. అయినా తీసేయలేదు, సరిచేసి ఉంచారు. దర్శకుడు మియజాకి హిదెతాకా కూడా తనకు ఆటలు అంతగా రావని, ఆట ఇచ్చే ప్రతి సాయాన్నీ వాడుకుంటానని 2024లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. కట్టినవాడే వాడుకుంటుంటే మనం గుమ్మం దగ్గర కాపలా కాయడం ఎందుకు?

మర్రిగూడ వైపు

మర్రిచెట్టు అన్నగారూ, మీ మంచి మనసుకు దండం. నాకు మినహాయింపు మాత్రం వద్దు. "నీకైతే పరవాలేదు" అన్నారంటే మిగిలినవారి ముందు నా గెలుపు ఒక మెట్టు దిగినట్టే. రేపు ఇంకొకరు మిమిక్‌తో గెలిచానని రాస్తారు. ఆయన చెయ్యి ఎలాంటిదో, ఇంట్లో పరిస్థితి ఏమిటో మీరు అడిగి తెలుసుకుంటారా? చెప్పుకోవడం ఇష్టం లేనివారు ఏం చేయాలి? నేను ఇవాళ చెప్పాను కాబట్టి మీకు తెలిసింది. మూడేళ్లుగా చెప్పలేదు.

నల్లగొండ తమ్ముడి గెలుపూ నా గెలుపూ ఒకే వరుసలో ఉండాలి. ఆ తర్వాత అతనికి అడుగులు నేర్చుకోవాలనిపిస్తే నేర్చుకుంటాడు. అది అతని ముచ్చట.

గడియారం సెంటర్, నల్లగొండ

అన్నగారూ, మీరు రాసింది చదివాక నా మిత్రుడి మాట గుచ్చుకోవడం ఆగిపోయింది. నేను గెలిచాను. ఇకమీదట ఎవరు అడిగినా అదే చెబుతాను.

మర్రిచెట్టు అన్న అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. రెండుసార్లే తప్పించుకున్నాను. ఆమె గాలిలో ఆగిన ఆ క్షణాన్ని నేను సరిగ్గా చూడనే లేదు, అది నాకు కావాలి. కానీ ఒకసారి ఓడిస్తే ఆమె నా లోకంలో మళ్లీ రాదు. మొదటినుంచి ఆడాలి, లేదా ఇంకొకరి లోకంలోకి తోడుగా వెళ్లాలి. సూర్యాపేట అక్కా, మీ దగ్గర ఆమె ఇంకా ఉంది కదా. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం ఆమె గది వాకిట్లో నా బంగారు గుర్తు పెడతాను, పిలుస్తారా?

నైట్‌డ్యూటీ, సూర్యాపేట

తప్పకుండా తమ్ముడూ. తొమ్మిదిన్నరకు పిల్లలు పడుకుంటారు, పదింటికి మొదలుపెడదాం. ఒక సందేహం. తోడుగా మనిషి వస్తే ఆత్మను పిలవడం కుదరదు కదా, ఆమె ప్రాణం కూడా పెరుగుతుంది కదా? అప్పుడు నా మిమిక్ ఉండదు. మన ఇద్దరి చేతులతో అయ్యే పనేనా?

చిటికి, పోచంపల్లి

అవును, కుదరదు, పెరుగుతుంది. అందుకే ఇద్దరూ తలా పది ఫ్రీజింగ్ పాట్లు చేసుకుని వెళ్లండి. ఒకరిమీద ఆమె లేచినప్పుడు రెండోవారు విసరాలి. ఎవరు విసరాలో ముందే అనుకోండి, ఇద్దరూ ఒకేసారి విసిరితే దండగ.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్

ఇంకొకరికి చోటుంది కదా, మూడో గుర్తు నాది. నేను కొట్టను. ఆమె ఎదుట నిలబడి అడుగులు చూపిస్తాను, మీరిద్దరూ చూసి నేర్చుకోండి. మర్రిగూడ అన్నా, మీరు వీలైతే పది గంటలకు ఫోనులో ఉండండి. ఆమె గాలిలోకి లేచినప్పుడు ముందుగా కనిపెట్టి చెప్పగలిగేది మీరే. అక్కా, పెద్ద డాలు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.

మర్రిగూడ వైపు

ఉంటాను.