పార్ట్ 141 చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కి సిమ్యులేటర్ గంటలు లెక్కలోకి వస్తాయా?

టెక్సాస్‌లో చిన్న పార్ట్ 141 స్కూల్లో (అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆమోదించిన పైలట్ ట్రైనింగ్ స్కూల్) సీఎఫ్ఐగా, అంటే విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా చేస్తున్నా, మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చే నెల ఎయిర్‌లైన్‌కి వెళ్ళిపోతున్నాడు, ఓనర్ ఏమో ఆ పోస్టు నన్ను తీసుకోమంటున్నాడు, ప్రైవేట్ పైలట్ కోర్సు వరకే. 141.35 రూల్ చదివా, పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, విమానం బాధ్యత తనదిగా నడిపిన సమయం) 1000 గంటలు ఉండాలి, దాంతోపాటు ఇన్‌స్ట్రక్టర్‌గా 2 ఏళ్ళూ 500 గంటలూ, లేదంటే ఏళ్ళతో పని లేకుండా నేర్పిన ఫ్లైట్ గంటలే 1000. నాకు పీఐసీ 1150, సీఎఫ్ఐ వచ్చి 19 నెలలు, విమానంలో నేర్పింది 640, సిమ్యులేటర్‌లో ఇంకో 380. అసిస్టెంట్ చీఫ్‌కి అయితే ఇందులో సగం చాలు, కానీ చీఫ్ లేకుండా అసిస్టెంట్ ఒక్కడే ఏం చేస్తాడు! ఎఫ్ఏఏ ఇన్‌స్పెక్టర్‌కి రెండు మెయిల్స్ పెట్టా, 12 రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఆ సిమ్యులేటర్ 380 కూడా 1000లో కలిపి ఎవరికైనా అప్రూవ్ చేశారా?